రీజిస్ హవ్రిలా మౌనవ్రతం

మా కొండ మీది చర్చి బేస్‌మెంటులో ప్రతి గురువారం పొద్దున ఎనిమిదింటికి ఫుట్‌బాల్ మీద చర్చ మొదలవుతుంది. ఎనిమిదీ మూడు నిమిషాలకు ముగుస్తుంది. ఆ తర్వాత పదకొండున్నర దాకా మోకాళ్ళ నొప్పులు, మంచు, ఎవరి అంత్యక్రియల భోజనంలో మాంసం ఎండిపోయింది, ఎవరి కోడలు పొయ్యి తుడవదు, ఇలాంటి సంగతులు నడుస్తాయి. అయినా వాళ్ళలో ఎవరినైనా ఆపి, గురువారం ఏం చేస్తారని అడగండి. "పియెరోగీలు ఒత్తుకుంటూ ఫుట్‌బాల్ మాట్లాడుకుంటాం" అనే చెబుతారు. ఒత్తడం మాట నిజమే, పియెరోగీలంటే దుంప కూరిన కజ్జికాయల్లాంటివి. రెండో సగం ఒక్క మనిషి విషయంలోనే నిజం. ఆయన పేరు రీజిస్ హవ్రిలా.

రీజిస్‌కి డెబ్భై మూడేళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళ పాటు సిటీ బస్సుల గ్యారేజీలో బ్రేకులు బిగించాడు. మా ఊరి కొండల మీద ఆ బస్సులు ఏవీ నదిలోకి దిగలేదు కాబట్టి పని తెలిసినవాడే అనుకోవాలి. ఊళ్ళో బస్సులన్నిటికీ బిగించి తన నోటికి ఒకటి బిగించుకోవడం మరిచిపోయాడని బెర్నడీన్ అంటుంది. బెర్నడీన్ సొకోల్, రీజిస్ ఒకే బడిలో ఒకే తరగతి చదివారు. అరవై అయిదేళ్ళుగా ఆమె అతన్ని సహిస్తోంది. ఆ మాట ఆమే చెబుతుంది, వారానికి రెండుసార్లు.

రీజిస్‌కి ఏడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న మా ఊరి జట్టు బార్జ్‌మెన్ ఆట చూపించడానికి తీసుకెళ్ళాడు. ఆ రోజు మా జట్టు ఓడింది. అప్పుడు మొదలైన కోపం ఇప్పటికీ దిగలేదు. అతనికి తెలిసి ఆ జట్టుకు ఇరవై ఇద్దరు క్వార్టర్‌బ్యాకులు వచ్చారు. ఇరవై ఇద్దరూ వెధవలే. వాళ్ళలో ఇద్దరు కప్పు తెచ్చిపెట్టారు. వాళ్ళు అదృష్టం కలిసొచ్చిన వెధవలు. మా అమెరికా ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అన్నవాడు బంతిని ఎవరికి విసరాలో రెండు సెకన్లలో తేల్చుకోవాలి, అదీ ఒక్కొక్కడు నూట ముప్ఫై కిలోలుండే నలుగురు మీద పడుతుండగా. అతను తప్పు తేల్చుకున్నాడని రీజిస్ సోఫాలో వెనక్కి వాలి, బీరు పక్కన పెట్టుకుని, మర్నాడంతా ఆలోచించి తేలుస్తాడు.

బేస్‌మెంటులో అతని పని ఉడికిన బంగాళాదుంపలు మెదపడం. మన పప్పుగుత్తికి పెదనాన్నలాంటి గుత్తి ఒకటుంది, భుజం ఎత్తుంటుంది. అది పట్టుకుని గంగాళం ముందు నిలబడతాడు. బెర్నడీన్ పిండి కలిపి, అప్పడాల కర్రతో సాగదీసి, గుండ్రంగా బిళ్ళలు కోస్తుంది. ఆ బిళ్ళల్లో దుంప ముద్దలు పెట్టి, కజ్జికాయలా మడిచి, అంచులు నొక్కే బల్లకు పెద్ద డొలోరెస్. వాటిని మరిగే నీళ్ళలో వేసి తీసేవాడు చెట్. మర్నాడు శుక్రవారం. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సుకాలమంతా శుక్రవారాలు మాంసం ముట్టరు కాబట్టి మధ్యాహ్నానికే వెన్నలో వేగిన ఉల్లిపాయల వాసన కోసం జనం వీధి మలుపు దాకా వరసలో నిలబడతారు. ఇటు మూడు కొండల్లో మా పియెరోగీలకు పేరు. ఆ పేరు బెర్నడీన్ పిండిదని అందరూ అంటారు. బెర్నడీన్ కూడా అలాగే అనుకునేది.

నిరుడు తపస్సుకాలంలో ఒక గురువారం, అంతకుముందు సీజన్లో ఫలానా ఆటలో ఫలానా బంతి ఎలా విసరాల్సిందో చూపించడానికి రీజిస్ ఒక పిండి ముద్ద అందుకున్నాడు. మాటలతో చెబితే వీళ్ళకి ఎక్కదని అతని ఉద్దేశం. భుజం వెనక్కి లాగాడు, ఎడమకాలు ముందుకేశాడు, విసిరాడు. ముద్ద నలభై కప్పుల కాఫీ యంత్రానికి తగిలింది. యంత్రం పక్కకి ఒరిగింది. ఆరబెట్టిన పన్నెండు పళ్ళాల పియెరోగీలు కాఫీలో తేలాయి.

"చూశారా, అలా విసరాలి" అన్నాడు రీజిస్.

ఆ మాట కాకుండా ఇంకేదన్నా అని ఉంటే, బెర్నడీన్ బహుశా క్షమించేది.

ఆమె ఏడాది ఆగింది. ఈ సంవత్సరం విభూది బుధవారం నాడు, అందరూ నుదుట బూడిద పెట్టించుకుని చర్చి మెట్లు దిగుతున్నారు. ఈస్టర్ దాకా ఎవరు ఏం మానేస్తున్నారనే మాట వచ్చింది. డొలోరెస్ ఏటా చాక్లెట్ మానేస్తుంది. మూడో రోజుకల్లా ఫలానా తీపి చాక్లెట్ కిందికి రాదని కనిపెడుతుంది. చెట్ బీరు మానేస్తాడు, ఆదివారాలు కాకుండా, పండగలు కాకుండా, ఎవరైనా ఇప్పిస్తే కాకుండా. రీజిస్ తను క్యాబేజీ మానేస్తున్నానని గంభీరంగా చెప్పాడు.

"నువ్వు క్యాబేజీ తిన్నదెప్పుడు?" అంది బెర్నడీన్.

"అందుకే తేలిక."

"నువ్వు మానేయాల్సింది నేను చెబుతా విను. ఈస్టర్ దాకా నా బేస్‌మెంటులో నీ నోట ఫుట్‌బాల్ మాట రాకూడదు. ఒక్క మాట వచ్చినా ఆ మెట్లెక్కాలి. అర్థమైందా?"

"నీ బేస్‌మెంటా? చర్చిది కదే?"

"పిండి నాది. పిండి లేకపోతే నీ దుంపలు ఎవడు తింటాడయ్యా?"

రీజిస్ ఒప్పుకున్నాడు. అందరం ఆశ్చర్యపోయాం కానీ పోవాల్సిందేమీ లేదు. నాలుగేళ్ళ కిందట అతని భార్య లొరెట్టా పోయింది. అప్పట్నుంచీ వారంలో ఆరు రోజులు అతను టీవీతో మాట్లాడతాడు. టీవీ వినదు. గురువారం నాడు వీళ్ళూ వినరు. కానీ వినకుండా మొహం తిప్పుకోవడానికి వీళ్ళకి మొహాలున్నాయి. ఆ బల్ల దగ్గర చోటు పోతే అతనికి మిగిలేది, ఇంటి ముందు పార్కింగ్ చోటు కాపలాకి వేసిన లొరెట్టా వంటింటి కుర్చీ. మా ఊళ్ళో కుర్చీ వేసినవాళ్ళదే చోటు, దాన్ని ఎవరూ కదపరు. అది కూడా మాట్లాడదు.

మొదటి రెండు వారాలు బాగానే గడిచాయి. ఫుట్‌బాల్ లేని కాలం అది. మాట్లాడటానికి ఏమీ లేనప్పుడు మాట్లాడకుండా ఉండటం ఎవరికైనా చేతనవుతుంది.

మూడో వారం మంగళవారం నాడు వార్త వచ్చింది. బార్జ్‌మెన్ కొత్త క్వార్టర్‌బ్యాకుని తెచ్చుకుంది. పేరు కేడ్ మెరివెదర్. ముప్ఫై ఏడేళ్ళు. తొమ్మిదేళ్ళు సరస్సు ఒడ్డు ఊరి జట్టుకి ఆడాడు. మా ఊళ్ళో ఆ ఊరి పేరు పెద్దవాళ్ళ ముందు ఎత్తరు. ఆ తొమ్మిదేళ్ళలో అతను మమ్మల్ని పదకొండుసార్లు ఓడించాడు. అతని బొమ్మ అచ్చేసిన అటుకుల డబ్బాలు కిరాణా కొట్లో కనిపిస్తే, రీజిస్ అరంతా కలియదిరిగి ఒక్కో డబ్బానీ గోడ వైపు తిప్పి వచ్చేవాడు. అలాంటివాడు ఇప్పుడు మావాడు. ఆరు నెలల్లో రీజిస్ లేచి నిలబడి ఇతని కోసం చప్పట్లు కొట్టాలి.

గురువారం ఏడున్నరకే బేస్‌మెంటు నిండిపోయింది. ఎప్పుడూ ఎనిమిదింపావుకి వచ్చే చెట్ అందరికన్నా ముందొచ్చి నీళ్ళు మరగబెట్టేశాడు. రీజిస్ మెట్లు దిగి, ఎవరి మొహమూ చూడకుండా ఏప్రాన్ కట్టుకుని, గుత్తి అందుకున్నాడు.

"ఏరా రీజిస్, రాత్రి నిద్ర పట్టిందా?" అన్నాడు చెట్.

"పట్టింది."

"మంగళవారం రాత్రి?"

రీజిస్ గుత్తిని గంగాళంలో దించాడు.

"నేనేం అడగట్లేదు బాబూ, నిద్ర గురించే అడుగుతున్నా. కొంతమందికి కొత్తవాళ్ళు ఇంట్లోకి వస్తే నిద్ర పట్టదంట. వచ్చినవాడు పాత శత్రువైతే మరీనూ."

"చెట్, ఏడిపించకయ్యా పాపం" అంది డొలోరెస్. చెట్ కన్నా ఎక్కువ ఆనందంగా ఉంది ఆమె మొహం. "అయినా ముప్ఫై ఏడేళ్ళంట. ఆ వయసులో మా ఆయన మంచు పారతో తీసి నడుం పట్టేసి పదిరోజులు మంచంలో ఉన్నాడు. ఇతను పరిగెత్తుతాడా?"

"పరిగెత్తక్కర్లేదు, విసిరితే చాలు" అన్నాడు చెట్.

"విసరడానికీ నడుం కావాలి. మొన్న మంచుకి నేను రెండు గంటలు పార పట్టి, చోటు శుభ్రం చేసి, కుర్చీ వేసుకున్నానా? సాయంత్రానికి ఎవడో నా కుర్చీ పక్కకి తీసి కారు పెట్టుకున్నాడు!"

"కుర్చీ తీశాడా?" బల్ల చుట్టూ చేతులు ఆగిపోయాయి.

"తీసి, మడిచి, నా గుమ్మంలో పెట్టాడు. మర్యాదస్తుడు!"

"కొత్తవాడై ఉంటాడు."

"కొత్తవాడైతే? వాళ్ళ ఊళ్ళో కుర్చీలుండవా?"

అంతే. మెరివెదర్ మూడు నిమిషాల లోపే కొండ దిగి వెళ్ళిపోయాడు. వేరే సంవత్సరం అయితే సరిగ్గా ఇక్కడే రీజిస్ గుత్తి పైకెత్తి, "ఏయ్, అసలు సంగతికి రండి" అని వాళ్ళని వెనక్కి ఈడ్చుకొచ్చేవాడు. ఇప్పుడు ఈడ్చేవాడు లేడు. సంభాషణ కుర్చీ దగ్గర్నుంచి డొలోరెస్ మరిది విడాకులకీ, అక్కడ్నుంచి గొంతులో చేపముల్లు గుచ్చుకుంటే ఏం మింగాలన్న దానికీ వెళ్ళింది. రీజిస్ మాత్రం దంచుతున్నాడు. దంచడమంటే మామూలుగా కాదు. గంగాళం అడుగున తొమ్మిదేళ్ళుగా దాక్కున్న ఒక మనిషిని వెతుకుతున్నట్టు దంచుతున్నాడు.

ఆ రోజు చెట్ నీళ్ళలో వేసిన పియెరోగీల్లో మూడోవంతు విచ్చుకున్నాయి.

విచ్చుకున్న పియెరోగీకీ, నీళ్ళలో పడ్డ ఉత్తరానికీ పెద్ద తేడా ఉండదు. లోపలిదంతా బయటికొచ్చేసి పైన కాగితమే మిగులుతుంది. మర్నాడు వరసలో నిలబడ్డ ఒకాయన తన పళ్ళెం కేసి చూసుకుని, "మాంసం మానేయమన్నారు సరే, పియెరోగీలు కూడా మానేయాలా?" అన్నాడు. ఆ మాట వంటగది దాకా వచ్చింది. బెర్నడీన్ చెవిలో పడింది.

తర్వాతి వారం ఆమె పిండిలో ఇంకో గుడ్డు వేసింది. విచ్చుకున్నాయి. ఆ పై వారం పుల్ల మీగడ తగ్గించింది, కొత్త మైదా బస్తా తెప్పించింది, కలిపిన పిండిని రెండు గంటలు తడిగుడ్డ కింద నానబెట్టింది. ఇంకా ఎక్కువ విచ్చుకున్నాయి. నలభై ఏళ్ళుగా పిండి కలుపుతున్న చేతులవి. రెండు చేతులూ ఎత్తి దీపం వెలుగులో చూసుకోవడం నేను చూశాను.

"ముసలిదాన్నయిపోయానా డొలోరెస్?"

"అది ఎప్పుడో అయ్యావు కానీ, పిండి బానే ఉందే. ఈ దుంప చూడు. బంక. ముద్ద చేద్దామంటే వేళ్ళకి అంటుకుంటోంది. అంచుకి పూసుకుంటే ఇంకెక్కడ అతుక్కుంటుంది?"

బెర్నడీన్ గంగాళంలో వేలు పెట్టి పైకి లాగింది. వేలితో పాటు దుంప కూడా జానెడు సాగింది. గోడలకి కాగితాలు అంటించడానికి పనికొచ్చేలా ఉంది.

"ఏం చేస్తున్నావయ్యా దీన్ని?"

"మెదుపుతున్నా" అన్నాడు రీజిస్. "ఇదివరకటికన్నా రెట్టింపు మెదుపుతున్నా. చూడు, ఒక్క ఉండైనా ఉందా?"

లేదు. గర్వంగానే చెప్పాడు. నిజంగానే ఒక్క ఉండ లేదు.

బెర్నడీన్ ఆ రోజేమీ అనలేదు. కానీ మరుసటి గురువారం పొయ్యి పక్కన నిలువెత్తు కరెంటు మిక్సరు ఒకటి వచ్చి నిలబడింది. కింది కొండ మీద మూతపడ్డ చర్చి వంటగదిది. ఫాదర్ తెప్పించారు. ఆమె దాని మీది దుమ్ము తుడుస్తూ, ఎవరితోనూ కాకుండా గట్టిగా అంది:

"గుడ్ ఫ్రైడేకి మూడొందల డజన్లు రాసుకున్నాం. గురువారం పూజలుంటాయి కాబట్టి ఆ వారం బుధవారమే ఒత్తాలి. ఆ రోజు మొదటి వాయి కూడా ఇలాగే వస్తే, ఇక దీంతోనే. బటన్ నొక్కితే తిరుగుతుంది, నొక్కితే ఆగుతుంది. ఫుట్‌బాల్ చూడదు."

రీజిస్ మిక్సర్ని పైనుంచి కిందికి చూశాడు. మెరివెదర్ బొమ్మని కూడా ఇంత చేదుగా ఎప్పుడూ చూసి ఉండడు. నోరు తెరిస్తే మెట్లెక్కాలి. తెరవకపోతే ఈ యంత్రం వచ్చి తన చోట్లో నిలబడుతుంది. ఆలోచించి అతను ఎన్నుకున్న ఉపాయం ఏమిటంటే, ఇంకా గట్టిగా మెదపడం. యంత్రం కన్నా మెత్తగా చేసి చూపిస్తే ఎవరూ తనని తీసెయ్యలేరని లెక్క. బ్రేకుల పనిలో ఆ లెక్క సరిపోయేదేమో. ఇంకో తిప్పు బిగిస్తే ఇంకాస్త బాగా పట్టేవి. దుంపలు బ్రేకులు కావన్న సంగతి డెబ్భై మూడేళ్ళవాడికి చెప్పేదెవరు?

గుడ్ ఫ్రైడే వారం బుధవారం వచ్చింది. ఆరింటికే దీపాలు వెలిగాయి. మొదటి గంగాళం దుంపలు పొగలు కక్కుతూ బల్ల మీదికొచ్చాయి. రీజిస్ చొక్కా చేతులు మడిచి గుత్తి ఎత్తాడు. మిక్సరు ప్లగ్గు అప్పటికే గోడకి పెట్టి ఉంది. చెట్ కూడా ఆ రోజు ఏడిపించలేదు. వచ్చే వారం ఏడిపించడానికైనా మనిషి అక్కడ మిగలాలి కదా.

మాటలు మామూలుగానే ఎక్కడో మొదలయ్యాయి. డొలోరెస్ మనవరాలు ఎడమచేత్తో రాస్తుందట. బడిలో ఎవరూ ఏమీ అనట్లేదట.

"మన రోజుల్లో అయితే సిస్టర్లు ఆ చేతిని కుర్చీకి కట్టేసేవాళ్ళు" అన్నాడు చెట్.

"మా పిన్ని చేతిని కట్టేశారు" అంది బెర్నడీన్ పిండి సాగదీస్తూ. "చచ్చేదాకా కుడిచేత్తో సంతకం, ఎడమచేత్తో చెంపదెబ్బ. ఇప్పుడు మనకొచ్చిన కొత్తవాడు కూడా ఎడమచేతి వాటమే కదా, ఆ మెరివెదర్?"

గుత్తి గాల్లో ఆగిపోయింది.

మెరివెదర్‌ది కుడిచేయి. తొమ్మిదేళ్ళ పాటు ఆ కుడిచేయి విరిగిపోవాలని ప్రతి ఆదివారం ప్రార్థించిన మనిషి, గంగాళం మీద గుత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. పెదాలు విడివడి, మళ్ళీ మూసుకున్నాయి. మిగతావాళ్ళకి అది పట్టలేదు. వాళ్ళు అప్పటికే సిస్టర్లలో ఎవరి బెత్తం పొడుగన్న దాని మీద తగువు పడుతున్నారు. నాలుగు నిమిషాలు. దుంపల్లోంచి ఆవిరి పైకి లేస్తూనే ఉంది.

"ఇంకెంతసేపయ్యా?" అంటూ బెర్నడీన్ వచ్చి గంగాళం తన వైపు లాక్కుంది. గుప్పెడు తీసుకుంది. అది పొడిపొడిగా, అక్కడక్కడా చిన్న ఉండలతో ఉంది. అరచేతుల మధ్య తిప్పింది. ముద్ద గుండ్రంగా తిరిగి, కదలకుండా కూర్చుంది.

ఆమె ఆ ముద్ద వంక చూసింది. గాల్లో ఉన్న గుత్తి వంక చూసింది. దాన్ని పట్టుకుని ఊపిరి బిగబట్టిన రీజిస్ వంక చూసింది. ఇన్నేళ్ళ గురువారాలు ఆమె కళ్ళ ముందు తిరిగి ఉండాలి. రెండు పోట్లు వేయడం, గుత్తి ఆపి అయిదు నిమిషాలు ఎవరినో తిట్టడం, మళ్ళీ రెండు పోట్లు. ఆ తిట్లు నడుస్తున్నంతసేపూ దుంపలు ఆవిరి వదిలి, చెమ్మ ఆరి, తమ మానాన తాము బాగుపడేవి. మూడు కొండల్లో మా పియెరోగీలకున్న పేరు ఒక వాగుడుకాయ బద్ధకం వల్ల వచ్చిందని ఆ క్షణాన బెర్నడీన్ సొకోల్‌కి తెలిసింది. అది మింగడం చేపముల్లు మింగడం కన్నా కష్టం.

ఆమె ముద్దని డొలోరెస్ ముందు పెట్టి, తన పిండి దగ్గరికి వెళ్ళింది. మాట అన్నాక వెనక్కి తీసుకునే మనిషి కాదు. తీసుకోలేదు కూడా. రెండో గంగాళం వచ్చింది. రీజిస్ నాలుగు పోట్లు వేశాడు.

"డొలోరెస్, నాకొకటి చెప్పు" అంది ఆమె గొంతు పెంచి. "మైదానంలో మనవాళ్ళు పన్నెండుమంది కదా ఆడేది?"

గుత్తి ఆగింది. పదకొండుమందని అక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

"పన్నెండా?" డొలోరెస్ నిజంగానే ఆలోచించింది. "అపొస్తలులు పన్నెండుమంది. వీళ్ళెంతమందో నేనెప్పుడూ లెక్కపెట్టలేదే."

"నువ్వు యాభై ఏళ్ళుగా చూస్తున్నావు కదమ్మా?" అన్నాడు చెట్.

"చూస్తా, లెక్కపెట్టను. వాళ్ళు ఒక్కచోట నిలబడితేగా!"

మూడో గంగాళం. మూడు పోట్లు.

"ఆ ఏడాది ఫైనల్ ముందు ఆటలో సరస్సు వాళ్ళ చేతిలో మనం ఓడింది వాన వల్లే కదా చెట్? ఎంత వాన!"

ఆ రోజు పడింది వాన కాదు, మంచు. రీజిస్, లొరెట్టా ఇద్దరూ ప్లాస్టిక్ సంచులు కాళ్ళకి కట్టుకుని పైవరసలో కూర్చున్నారు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ అరవైసార్లు చెప్పాడు. గుత్తి కర్రని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. చెట్ మరిగే నీళ్ళలోంచి మొదటి వాయి తీసి పైకెత్తి చూపించాడు. నలభై ఎనిమిదికి నలభై ఎనిమిదీ మూసుకునే ఉన్నాయి. రీజిస్ నోరు ఒక్కటే ఇక మూసుకుని ఉండేలా లేదు.

బెర్నడీన్‌కి అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ అరవై అయిదేళ్ళ సహనానికి ఇంత చక్కటి బదులు దొరికినప్పుడు ఎవరు ఆపుతారు? నాలుగో గంగాళం ముందు ఆమె కర్ర పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, చాలా మెత్తగా అంది:

"ఏమైనా మెరివెదర్ బుద్ధిమంతుడిలా ఉన్నాడు. మనకి ఇన్నాళ్ళుగా వచ్చినవాళ్ళందరిలోకీ అతనే మంచి ఆటగాడని నాకనిపిస్తోంది."

"కుడిచేయి!" అని అరిచాడు రీజిస్.

నలభై నిమిషాల కిందటి ప్రశ్నకి జవాబు.

"కుడిచేయే బెర్నడీన్! కుడిచేయి! పదకొండుమంది! అది వాన కాదు, మంచు! మంచు! నా కాళ్ళకి సంచులు..."

అప్పుడు తనేం చేశాడో అతనికి తెలిసింది. గుత్తిని మెల్లగా దించాడు. డొలోరెస్ చేతిలో సగం మడిచిన పియెరోగీ నోరు తెరుచుకునే ఉంది.

"మెట్లెక్కు" అంది బెర్నడీన్.

"బెర్నడీన్, ఇంకా రెండొందల డజన్లు..." అన్నాడు చెట్.

"నేను చెప్పింది చెప్పినట్టే. మెట్లెక్కమను."

రీజిస్ వాదించలేదు. అతను వాదించకపోవడం మేం చూడటం అదే మొదటిసారి. ఏప్రాన్ విప్పాడు, నాలుగు మడతలు పెట్టాడు, మిక్సరు మీద పెట్టాడు. టోపీ పెట్టుకున్నాడు. మెట్లు పదమూడు. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించుకుంటూ ఎక్కాడు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అతని చెయ్యి పైన తలుపు గడియ మీద పడే దాకా బెర్నడీన్ అప్పడాల కర్ర ఆడిస్తూనే ఉంది.

"రీజిస్!"

"ఏంటి?"

"ఆ తలుపు పక్కన దుంపల బస్తాలున్నాయి చూడు. వచ్చేటప్పుడు రెండు పట్టుకురా."

రీజిస్ గడియ మీంచి చెయ్యి తీశాడు.

"రెండా?"

"నీకు చేతకాకపోతే ఒకటి."

రెండు తెచ్చాడు, దిగుతూ దిగుతూ రొప్పుతూ. చెట్ ఎదురెళ్ళి ఒకటి అందుకోబోతే ఇవ్వలేదు.

"నువ్వు పొమ్మన్నావు కదే?" అని డొలోరెస్ బెర్నడీన్‌ని అడిగింది. కడుపులో మాట దాచుకునే మనిషి కాదామె.

"మెట్లెక్కాలన్నాను. ఎక్కాడు. ఎక్కినవాడు దిగకూడదని నేనెప్పుడన్నాను? ఆ ప్లగ్గు తీసెయ్ చెట్, ఊరికే కరెంటు తింటుంది." పిండి వంక చూస్తూనే అంది, "ఇక చెప్పవయ్యా. నీ మొహం చూస్తే ఈస్టర్ దాకా ఆగేలా లేదు. వాడెలా ఆడతాడంటావు?"

రీజిస్ ఏప్రాన్ కట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆరు వారాలు మింగిన మాటలు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ, నాకు తెలిసి మొట్టమొదటిసారి, అతను చెప్పేది వినడానికి తలలెత్తారు. చెట్ జల్లి గరిటె పక్కన పెట్టేశాడు.

"వాడి భుజం ఫరవాలేదు" అని మొదలుపెట్టాడు రీజిస్, గంగాళంలో రెండు పోట్లు వేసి ఆపి. "అసలు సంగతి మోకాలు. రెండేళ్ళ కిందట కోశారు. మోకాలు కోశాక బరువు వెనక కాలు మీద ఆనదు. నదికి అవతలి ఆసుపత్రిలో డాక్టరొకడు ఉన్నాడు, మోకాళ్ళు చేస్తాడు, పొడుగ్గా ఉంటాడు. లొరెట్టాకి వాడే చేశాడు. అది మత్తు దిగీ దిగగానే వాణ్ణి ఏమడిగిందో తెలుసా? 'గురువారానికల్లా నిలబడగలనా, పియెరోగీలున్నాయి' అంది. వాడు నవ్వాడు. నిలబడలేవన్నాడు. ఇది ఊరుకుంటుందా, వంటింట్లో కుర్చీ కారులో వేయించుకుని ఇక్కడికొచ్చి, ఇదిగో, ఆ చివర కూర్చుని ఒత్తింది. ఆ కుర్చీయే ఇప్పుడు వీధిలో ఉంది. ఒక కాలు కొంచెం ఊగుతుంది. అది బాగుచేయాలంటే సరైన మేకు దొరకట్లేదు. ఇప్పటి మేకులు మేకులా?"

"మేకుల సంగతి నన్నడుగు" అన్నాడు చెట్.

"ఇదిగో, క్వార్టర్‌బ్యాక్ సంగతి చెప్పవయ్యా!" అంది డొలోరెస్. "అందరం చేతులు కట్టుకుని కూర్చున్నాం ఇక్కడ!"

"అదే చెప్తున్నా కదమ్మా!" అంటూ రీజిస్ గుత్తి పైకెత్తాడు.

బెర్నడీన్ వచ్చి బొటనవేలితో దుంపని నొక్కి చూసింది. ఆవిరి ఇంకా పూర్తిగా పోలేదు.

"ఇంకో రెండు నిమిషాలు పడుతుంది" అని డొలోరెస్ చెవిలో చెప్పింది. "ఆ మేకుల సంగతేదో అడుగు."